శిస్తు పుస్తకంలో పుట్టిన హక్కు

నంద్యాలలోనో ఆళ్ళగడ్డలోనో మీసేవకు వెళ్ళి సర్వే నంబరు చెబితే అడంగల్ కాగితం చేతికొస్తుంది. పైన జిల్లా, మండలం, గ్రామం, వాటి పక్కన ఫసలీ సంవత్సరం. 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా 1434 ఫసలీ. అక్బరు కాలంలో పంట లెక్కల కోసం పెట్టుకున్న సంవత్సరం కంప్యూటర్ కాగితం మీద ఇంకా నడుస్తూనే ఉంది. కింద గడులు: విస్తీర్ణం ఎకరాల్లో సెంట్లలో, అందులో సాగుకు పనికొచ్చేదెంత, రానిదెంత, పట్టా భూమా సర్కారు భూమా, శిస్తు ఎంత, నీళ్ళు ఎక్కడివి, ఖాతా నంబరు ఎంత. ఆ తర్వాత పక్కపక్కనే రెండు గడులుంటాయి. ఒకటి పట్టాదారు పేరు, రెండోది అనుభవదారు పేరు.

సీమలో సగం భూతగాదాలు ఈ రెండు గడుల మధ్యే పుడతాయి. పట్టాదారే యజమాని అయితే పక్కన అనుభవదారు ఎందుకు? దున్నుకుంటున్నది అనుభవదారే అయితే పట్టాదారు పేరుతో పనేమిటి? పోనీ కోర్టుకు పోదామంటే, రెవెన్యూ రికార్డు యాజమాన్యాన్ని ఇవ్వదు, దస్తావేజులు చూపించమంటారు. సుప్రీంకోర్టు ఈ మాట ఒకటి రెండు తీర్పుల్లో కాదు, దశాబ్దాలుగా చెబుతూనే ఉంది. దస్తావేజు తెస్తే దానిదీ అదే కథ. ఫలానా ఆయన ఫలానా ఆయనకు అమ్మినట్టు రాసిచ్చాడన్నంతవరకే రిజిస్ట్రార్ ఆఫీసు పూచీ. అమ్మినాయనకు అమ్మే హక్కు ఉందా లేదా అన్నది కొన్నవాడి తలనొప్పి.

ఇన్ని కాగితాలుండీ ఈ నేల ఎవరిదో తేల్చి చెప్పే కాగితం లేకపోవడం ఎవరో ఒకరి అలసత్వం వల్ల వచ్చింది కాదు. మన భూమి కాగితాలు ఆ ప్రశ్న కోసం పుట్టలేదు. శిస్తు ఎవరు కట్టాలి అన్న ప్రశ్నకు జవాబుగా పుట్టాయి. రెండు వందల ఏళ్ళుగా మనం ఒక ప్రశ్నకు రాసిన జవాబును పట్టుకొచ్చి ఇంకో ప్రశ్నకు చదువుతున్నాం. ఆ జవాబు మొదట రాసింది కూడా ఈ చుట్టుపక్కలే.

1800 అక్టోబరు 12న హైదరాబాదు నిజాం తన దగ్గరుంచుకునే కంపెనీ పటాలం ఖర్చు కింద ఒక పెద్ద ముక్కను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. బళ్ళారి, కడప, అనంతపురం, వాటితోపాటు కోవెలకుంట్ల, కంభం వైపు ఊళ్ళు. అవే దత్త మండలాలు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేలగా ఉండటం రుచించక 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు ఆ పేరు తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నారు. అది వేరే కథ.

నంద్యాల, ఆళ్ళగడ్డ మాత్రం 1800లో కంపెనీ కిందికి నేరుగా రాలేదు. అవి కర్నూలు నవాబువి. నవాబు ఏటా లక్ష రూపాయల పేష్కష్ కంపెనీకి కట్టి తన ఊళ్ళు తాను ఏలుకునేవాడు. ఇటు బనగానపల్లె ఇంకో చిన్న సంస్థానం, 1948 దాకా అలాగే ఉంది. అంటే ఎద్దులబండి మీద ఒక రోజు తిరిగితే ముగ్గురు దొరల నేల తొక్కవచ్చు. కోవెలకుంట్ల రైతు శిస్తు కంపెనీ కలెక్టరుకు, ఆళ్ళగడ్డ రైతుది నవాబు మనుషులకు, బనగానపల్లె రైతుది అక్కడి జాగీర్దారుకు. నేల మాత్రం అంతా ఒకటే కుందూ రేగడి.

దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా అనంతపురం కేంద్రంగా పనిచేశాడు. సిపాయిగా మొదలైన మనిషి. 1792లో టిప్పు నుంచి కంపెనీ చేతికొచ్చిన బారామహల్‌లో, ఇప్పటి సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు, అలెగ్జాండర్ రీడ్ కింద ఏడేళ్ళు శిస్తు పని నేర్చుకున్నాడు. నడుమ జమీందారంటూ లేకుండా సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూసుకోవడం అన్నది అక్కడ రీడ్, మన్రో కలిసి పట్టిన దారి. బెంగాల్‌లో 1793లోనే జమీందార్లతో శాశ్వత ఒప్పందం అయిపోయింది. కోస్తా జిల్లాల్లో 1802 నుంచి అదే బాట. సీమలో జమీందార్లకు బదులు ఎనభైమంది దాకా పాలెగాళ్ళున్నారు. మన్రో వాళ్ళను చాలావరకు కోటల్లోంచి కదిలించి, ఊరికి దిగి, రైతుల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు.

పేర్లు రాసుకుంటే చాలదు, పొలం కొలవాలి. 1802లో పని మొదలైనప్పుడు భూమి కొలవడం వచ్చిన గుమాస్తాలు దత్త మండలాలంతటికీ నలుగురే దొరికారు. వాళ్ళు ఇంకొందరికి నేర్పారు, అలా వందమంది తయారయ్యారు. చేతిలో 33 అడుగుల గొలుసు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం ఒక గుంట. అలాంటివి నలభై అయితే ఎకరా. తెలంగాణలో ఈ రోజుకీ గుంటల లెక్కే నడుస్తోంది, మన వైపు సెంట్లు వచ్చి గుంటను వెనక్కి నెట్టాయి. కొలిచాక మదింపు. ఏ చేను మొదటి తరం, ఏది నాలుగోది, రేగడెంత, ఎర్రనేలెంత, చౌడెంత అన్నది తేల్చడానికి ఊరి రెడ్డినీ కరణాన్నీ రైతులనూ కూర్చోబెట్టేవాళ్ళు. తన చేను మంచిదని ఒప్పుకునే రైతు ఎక్కడా ఉండడు కాబట్టి పక్కవాడి నోట చెప్పించేవాళ్ళు. ఇంతమంది సాక్షులను పిలిచి, ఇంత ఓపిగ్గా కొలిపించిన ఆ సర్వేలో ‘ఇది ఎవరిది’ అన్న విచారణ మాత్రం జరగలేదు. ఎవరు దున్నుతున్నారు, ఎవరు కడతారు అన్నంతవరకే.

ఏడాదికొకసారి జమాబందీ. ఏ పొలాలు ఉంచుకుంటావు, ఏవి వదిలేస్తావు అని రైతును అడిగి, ఉంచుకున్నవాటికి శిస్తు లెక్కకట్టి ఒక కాగితం ఇచ్చేవాళ్ళు. దాని పేరు పట్టా. మనం ఈ రోజు బీరువాలో, పెళ్ళిచీర మడతల్లో దాచుకునే పట్టా పుట్టినప్పుడు ఒక ఏడాది బిల్లు. కరెంటు బిల్లు మన పేరు మీద వచ్చినంత మాత్రాన ఇల్లు మనదని రుజువు కాదు కదా, దాని సంగతీ అంతే.

అయినా రైతుకు అందులో ఒక కొత్త బలం దొరికింది. శిస్తు కడుతున్నన్నాళ్ళూ పొలం లాక్కునేవాడు లేడు. కొడుక్కు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అమ్ముకోవచ్చన్నది మాటవరసకే, ఎందుకంటే కొనేవాడు ఉండాలి. మన్రో లెక్క ప్రకారమే శిస్తు పంటలో 45 శాతం. రైతు తిండి, విత్తనం, ఎద్దుల మేత పోతే మిగిలేదేమీ లేదు. మిగలని నేలకు వెల ఎవడు కడతాడు? 1807లో వెళ్ళబోయే ముందు ఆయన మద్రాసుకు రాసిన నివేదికలో ఇదే వాదన. శిస్తు నాలుగో వంతు తగ్గించండి, అప్పుడు సర్కారు వాటా పంటలో మూడో వంతుకు దిగుతుంది, అప్పుడే నేలకు అమ్మకపు విలువ వస్తుంది, అమ్మకపు విలువ ఉంటేనే ఆస్తి అనిపించుకుంటుంది. పన్ను తగ్గితే హక్కు దానంతటదే పుడుతుందన్న ఈ ఆలోచన నా మటుకు ఆయన కొలతలన్నిటికంటే పెద్దది.

మద్రాసు వాళ్ళు వినలేదు. రైతువారీ తీసేసి ఊళ్ళకు ఊళ్ళు మూడేళ్ళ కౌలుకు, ఆ తర్వాత పదేళ్ళ కౌలుకు ఇచ్చారు. పాట పాడుకున్నవాడు రైతును పిండాడు, పిండినా కొన్నిచోట్ల వాడే దివాలా తీశాడు. మన్రో 1820లో గవర్నరై తిరిగొచ్చాక గానీ రైతువారీ నిలబడలేదు, అడిగిన తగ్గింపు అమలు కాలేదు. 1827 జూలై 6న పర్యటనలో ఉండగా పత్తికొండలో కలరాతో పోయాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయనతో మాట్లాడారని జనం చెప్పుకునే కథలో కూడా మాటలన్నీ మఠం ఈనాం భూమి గురించే. సీమలో దేవుడు కలెక్టరుతో మాట్లాడినా భూమి సంగతే మాట్లాడాడు!

ఈనాం అన్న మాట వచ్చింది కాబట్టి ఉయ్యాలవాడ దాకా వెళ్ళిరావాలి. కోటల్లోంచి కదిలించిన పాలెగాళ్ళకు కంపెనీ తవర్జీ అని భరణం కట్టింది. నొస్సం పాలెగాళ్ళ వంశంలో నరసింహారెడ్డి వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. బంధువులు పోయినకొద్దీ వాళ్ళ వాటాలు సర్కారులో కలిసిపోయేవి. దానితోపాటు ఊరి కావలి కాసే కట్టుబడి మనుషుల ఈనాం చేలు కూడా ఒక్కొక్కటే సర్కారు లెక్కలోకి పోవడం మొదలైంది. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డ గుంపులో ఎక్కువమంది ఈ కట్టుబడులే. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. ఆయన మీద తీసిన సినిమాలో గుర్రాలు, కత్తులు ఎక్కువ కనిపించాయి గానీ కత్తులు బయటికి తీయించింది రద్దయిన ఈనాం చీటీలు.

అప్పటికి ఆళ్ళగడ్డ, నంద్యాల కూడా కంపెనీవి అయిపోయాయి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యంగా ఆయుధాలు పోగేస్తున్నాడని పదవి నుంచి దించి తిరుచ్చికి పంపారు. మరుసటి ఏడు అక్కడే హత్యకు గురయ్యాడు. ఆయన ఊళ్ళకు కోవెలకుంట్ల, కంభం, మార్కాపురం కలిపి 1858లో కర్నూలు జిల్లా చేశారు. అదే ఏడు మద్రాసులో ఈనాం కమిషన్ మొదలైంది. ఈనాందార్లు కొంత కట్టుబడి సొమ్ము ఏటా కడతామని ఒప్పుకుంటే ఇక ఆ భూమి మీదేనని సర్కారు ముద్ర వేసి టైటిల్ డీడ్ ఇచ్చింది. పాత దస్తావేజుల్లో టీడీ నంబరు అని కనిపించేది అదే. పూర్తి శిస్తు కట్టే రైతు చేతికి బిల్లు వచ్చింది, శిస్తు నామమాత్రంగా కట్టే ఈనాందారు చేతికి హక్కు కాగితం వచ్చింది.

1858తో ఇంకో చుట్టరికం ఉంది. ఆ ఏడు జూలైలో ఎక్కడో దక్షిణ ఆస్ట్రేలియాలో కొత్త భూమి చట్టం అమల్లోకి వచ్చింది. దాన్ని పట్టుబట్టి తెచ్చిన రాబర్ట్ టోరెన్స్ అడిలైడ్ రేవులో కస్టమ్స్ కలెక్టరుగా చేసినవాడు. ఓడ ఎవరిదో తెలుసుకోవాలంటే రేవు రిజిస్టరు తీసి చూస్తారు, పాత అమ్మకం కాగితాలు తవ్వరు. నేలకూ అలాగే ఎందుకు చేయకూడదన్నాడు. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని. రాసిన సర్కారుదే పూచీ. సర్కారు పొరపాటు వల్ల ఎవరైనా నష్టపోతే ఇవ్వడానికి ఒక నిధి. ఆస్ట్రేలియాలో ఇది తేలిగ్గా నడవడానికి కారణం ఉంది. అక్కడి ఆదివాసుల నేలను ముందే ఖాళీ నేల అని రాసుకుని, కొత్త పుస్తకం మొదటి పేజీ నుంచి తెరిచారు. మన కోవెలకుంట్ల పుస్తకంలో అప్పటికే రెడ్లు, కరణాలు, పాలెగాళ్ళు, మఠాలు, మసీదులు, కట్టుబడులు అందరూ ఉన్నారు.

ఇక్కడ వచ్చింది సర్వే శాఖ. మద్రాసు సర్వే, సెటిల్‌మెంట్ ఊరూరా మళ్ళీ కొలిచి, రాళ్ళు పాతి, ప్రతి పొలానికీ పటం గీసింది. ఎఫ్‌ఎంబీ అని సర్వేయర్లు ఇప్పటికీ చంకలో పెట్టుకు తిరిగే పుస్తకం ఆ వంశానిదే. నడుమ ఒక గీత, ఆ గీత నుంచి గట్టు మలుపుల దాకా అడ్డంగా చిన్న గీతలు, వాటి మీద లింకుల్లో అంకెలు. నూరు లింకులు ఒక గొలుసు, ఈ గొలుసు 66 అడుగులు. ఆ అంకెలు చదవడం వచ్చినవాడు గట్టు ఎక్కడ జరిగిందో ఇంట్లో కూర్చుని చెప్పగలడు. ఈలోగా 1863లో తవ్వకం మొదలైన కర్నూలు–కడప కాలువ నంద్యాల మీదుగా నీళ్ళు తెచ్చింది. మొదట్లో రైతులు ఆ నీళ్ళు తీసుకోక తవ్విన కంపెనీ నష్టపోయింది. 1882లో సర్కారే కొనుక్కుంది. నీళ్ళు పారాక చేను మడి అయింది, మడికి వేరే శిస్తు, గట్టుకు వేరే విలువ. రెండు అడుగుల గట్టు కోసం తలలు పగలడం అప్పటినుంచే ఎక్కువైంది.

ఆ రెండో విడత సెటిల్‌మెంట్లలో తయారైన రిజిస్టరును ఆర్‌ఎస్‌ఆర్ అంటారు, ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉండేది డైగ్లాట్. తహసీల్దారు ఆఫీసులో అట్టలు ఊడిన ఆ పుస్తకం తెరిస్తే పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో కొన్నిచోట్ల పేరుండదు. వరసగా చుక్కలుంటాయి. అడిగిన రోజు రైతు రాలేదో, నాదని ఎవరూ అనలేదో, ఇద్దరు నాదన్నారో, ఎవరు శిస్తు కడతారో తేలక గుమాస్తా చుక్కలు పెట్టి ముందుకెళ్ళాడు. ఆయన దృష్టిలో ఆ ఏడాదికి అక్కడ రాబడి లేదన్నంతే అర్థం. వందేళ్ళ తర్వాత అదే చుక్క సర్కారు భూమి అన్న అర్థం తెచ్చుకుంది. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ సెక్షన్ కొత్త రూపంలో వచ్చి, అమ్మకూడని భూముల జాబితాలు రిజిస్ట్రార్ ఆఫీసులకు చేరాయి. చుక్కల భూములు కూడా వాటిలోకి ఎక్కాయి. తాత సాగు చేసిన, తండ్రి పాసుబుక్కు తీసుకున్న చేను కూతురి పెళ్ళికి అమ్ముదామని పోతే కాదన్నారు. 2017లో దీనికోసమే ఒక చట్టం చేశారు, పన్నెండేళ్ళు స్వాధీనంలో ఉన్నట్టు చూపిస్తే చుక్క తీసి పేరు రాయాలని. అర్జీలు పెట్టుకుని తిరగడం రైతులకు అలవాటైంది. 2023లో ఇంకో ప్రభుత్వం రాష్ట్రం మొత్తం మీద రెండు లక్షల ఎకరాలకు పైగా భూమిని అర్జీలతో పనిలేకుండా ఆ జాబితాలోంచి తీసేసింది. గుమాస్తా అరనిమిషంలో పెట్టిన చుక్కలను చెరపడానికి శాసనసభ కూర్చోవాల్సి వచ్చింది.

చుక్క చేను సంగతి. ఇంటిది ఇంకా విచిత్రం. సర్వేవాళ్ళకు కావాల్సింది పంట పండే నేల. ఊరి ఇళ్ళ జాగాలో పంట లేదు, శిస్తు లేదు. అందుకని ఊరంతటికీ కలిపి ఒకటే సర్వే నంబరు వేసి గ్రామ కంఠం అని రాసి వదిలేశారు. లోపల ఎన్ని ఇళ్ళున్నాయో, ఎవరి గోడ ఎక్కడో ఆ పుస్తకంలో లేదు. నాపరాయి కప్పుల ఇళ్ళు తరాల తరబడి అక్కడే నిలబడ్డాయి, పెంచుకున్నారు, పంచుకున్నారు, అమ్ముకున్నారు. అమ్మకం కాగితం చూస్తే సర్వే నంబరు బదులు హద్దులుంటాయి. తూర్పున ఫలానా వారి గోడ, పడమర వీధి, ఉత్తరాన ఫలానా వారి దొడ్డి, దక్షిణాన రస్తా. ఆ ఫలానా వారు కూడా అమ్ముకుని వెళ్ళిపోతే హద్దు కూడా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది. చేతిలో ఉండేది పంచాయతీ ఇచ్చిన ఇంటిపన్ను రసీదు. ఇంటి దగ్గరకొచ్చినా మళ్ళీ పన్ను కాగితమే దిక్కయింది.

1905 నాటి మద్రాసు భూ ఆక్రమణల చట్టం, ఎవరిదీ కాని నేలంతా సర్కారుదే అంటూనే, ఇళ్ళ జాగాలను, ఇంటివెనక దొడ్లను యజమానులకు వదిలేసింది. అందుకే గ్రామ కంఠం అన్నంత మాత్రాన సర్కారు భూమి కాదని హైకోర్టు పదేపదే చెప్పింది. చెప్పినా ఆఫీసుల్లో ఆ మాట వినబడదు. పట్టా కాదు కాబట్టి సర్కారుదేనని 22ఎ జాబితాలో పడేసిన ఊళ్ళున్నాయి. బ్యాంకులు అప్పివ్వవు. ఊరి నడిబొడ్డున మిద్దె ఉన్నవాడు ఊరి బయట రెండెకరాల మెట్ట తాకట్టు పెట్టి ఆ మిద్దె మీద ఇంకో అంతస్తు కడతాడు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం తెచ్చి డ్రోన్లతో ఊళ్ళ లోపలి ఇళ్ళను కొలిపించడం మొదలుపెట్టేదాకా ఈ ఖాళీ గడిని పట్టించుకున్నవాళ్ళు లేరు. పొలాన్ని 1802లో కొలిచారు, పొలం దున్నినవాడు నిద్రపోయే జాగాను కొలవడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు తానే భూమి పంచడం మొదలుపెట్టింది. పేదలకు దర్ఖాస్తు మీద ఇచ్చిన భూమిని సీమలో డీకేటీ అంటారు. అమ్ముకోవడానికి లేదని 1954 నుంచి షరతు, 1977లో దానికి గట్టి చట్టం. మంచి ఉద్దేశమే. కానీ ఆసుపత్రి ఖర్చో, వరస కరువో వచ్చిన రైతుకు ఆ చేనొక్కటే చేతిలో ఉంది. తెల్లకాగితం మీద రాసిచ్చి డబ్బు తీసుకునేవాడు. అడంగల్‌లో పట్టాదారు పాతాయనే ఉన్నాడు, అనుభవదారు ఇంకొకరయ్యారు. భూపరిమితి చట్టం సంగతి చెప్పాలంటే పి.వి. నరసింహారావును తలుచుకోవాలి. 1972లో ముఖ్యమంత్రిగా మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలకు మించి ఉండకూడదన్న చట్టం తెచ్చింది ఆయనే. ఆ తర్వాత ఎంతోకాలం ఆ కుర్చీలో లేరు. 1991లో అదే మనిషి ప్రధానిగా నంద్యాలలో నిలబడితే అయిదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. పెద్ద కమతాలున్న నియోజకవర్గం, భూసంస్కరణల ముఖ్యమంత్రి. ఎవరూ ఆ పాత సంగతి ఎత్తలేదు.

పాసుబుక్కు 1971 చట్టం కింద వచ్చింది. అందులో రాసింది తప్పని రుజువయ్యేదాకా ఒప్పు అనుకోవాలని చట్టం చెప్పింది. ఇంతకుముందుకంటే ఒక మెట్టు పైకి ఎక్కినట్టే, కానీ అది కూడా అనుకోవడమే. రాసేది మాత్రం అప్పటికింకా కరణమే. రికార్డులు కరణం ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఉండేవి. తండ్రి నుంచి కొడుక్కు కరణీకంతోపాటు అవీ వచ్చేవి. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ఒక్క ఆర్డినెన్సుతో కరణాలను, మునసబులను తీసేశారు. ఊళ్ళలో కరణం పెత్తనం నుంచి ఊపిరి తీసుకున్నారు, అందులో సందేహం లేదు. అయితే చాలాచోట్ల పెట్టెల్లోంచి అన్ని పుస్తకాలూ బయటికి రాలేదు. కొన్ని చెదలు తిన్నాయి, కొన్ని ఎవరికో పనికొచ్చాయి. రెండేళ్ళకే ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అని ఇంకో చట్టం తెచ్చారు. ఆ వాటా అడంగల్ గడిలోకి ఎక్కడం నేటికీ అరుదే. పుట్టింటివాళ్ళతో మాట పోతుందని అక్కచెల్లెళ్ళు తామే సంతకం పెట్టి వదిలేస్తారు. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా మొదలైన ముప్ఫై లక్షల పైచిలుకు ఇళ్ళ స్థలాల పంపిణీలో మాత్రం పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే వచ్చాయి. అన్నదమ్ములు రాయనిది సర్కారు రాసింది.

అదే నెలలో, 21న, జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో రీసర్వే ప్రారంభమైంది. డ్రోన్లు, ఉపగ్రహాల సంకేతాలు అందుకునే కేంద్రాలు, చేతిలో రోవర్ కర్ర, సర్వే ఆఫ్ ఇండియా తోడు. సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. దాని వెంటే టోరెన్స్ గారి ఆలోచన నూట అరవై ఏళ్ళ తర్వాత సీమకు చేరింది. 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చిన భూ హక్కుల చట్టం, జనం నోట్లో టైట్లింగ్ యాక్టు. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని ఒక అధికారి తేలుస్తాడు, ఆ తర్వాత సివిల్ కోర్టు తలుపు తట్టడం దాదాపు కుదరదు. లాయర్లు కోర్టులు మానేసి రోడ్డెక్కారు. ఎన్నికల్లో ఊరూరా అదే మాట, మీ భూమి పోతుంది. పాసుబుక్కుల మీద, హద్దురాళ్ళ మీద ముఖ్యమంత్రి ఫొటో, పేరు ఉండటం ఆ భయానికి ఎంత తోడ్పడిందో చెప్పనక్కర్లేదు. తాతల నుంచి వచ్చిన చేను పుస్తకం మీద పరాయి మనిషి బొమ్మ చూసి ఏ రైతు ఊరుకుంటాడు? 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి పెట్టిన రెండో సంతకం ఈ చట్టం రద్దు మీద. జూలైలో శాసనసభ రద్దు చేసింది.

చట్టం పోయినందుకు నాకు బాధ లేదు, ఆలోచన పోతే ఉంటుంది. మన్రో గుమాస్తాలు చేసిన ఒక్క పని ఈసారి సరిగ్గా జరగలేదు. పక్క చేను వాడిని పిలిచి కూర్చోబెట్టడం. తొందరలో నోటీసులు కొన్నిచోట్ల కాగితం మీదే పంచారు, కొలిచాక విస్తీర్ణం తగ్గిందని చెబితే వినే నాథుడు లేడు. టోరెన్స్ పద్ధతిలో నమ్మాల్సింది పుస్తకాన్ని కాదు, రాసేవాడిని. ఆ నమ్మకం లేనిచోట ‘ఇక ఇదే ఖాయం’ అనే చట్టం కంటే ‘తప్పని రుజువయ్యేదాకా ఒప్పు’ అనే పాత లొసుగే రైతుకు భద్రంగా కనిపించింది. అందులో అమాయకత్వమేమీ లేదు.

2024 చివర్లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు, రాజముద్ర వేసిన కొత్త పాసుబుక్కుల మాట వచ్చింది, 2025లో రీసర్వే మళ్ళీ మొదలైంది. మొదటి విడత వదిలిన చిక్కుల్లో పెద్దది జాయింట్ ఎల్‌పీఎం. అన్నదమ్ములు ఎప్పుడో నోటిమాట మీద పంచుకుని నడుమ గట్టు వేసుకున్నారు. కాగితం మీద పంపకం లేదు. రోవర్ సెంటీమీటర్ల లెక్కన గట్టు ఎక్కడుందో చెబుతుంది, ఆ గట్టు ఎందుకుందో దానికి తెలియదు. రికార్డులో వాటాలు తేలనిచోట అందరికీ కలిపి ఒకే నంబరు పడింది. ఇప్పుడు ఒకరు అమ్ముకోవాలన్నా, బ్యాంకులో పెట్టాలన్నా ముందు దాన్ని విడగొట్టించుకోవాలి. సబ్‌డివిజన్‌కు అర్జీ పెట్టాలి, సర్వేయర్ రావాలి, వాటాదార్లంతా వచ్చి సంతకం చేయాలి. తమ్ముడు బెంగళూరులో ఉద్యోగంలో ఉంటే సంక్రాంతికి వచ్చేదాకా ఆగాల్సిందే, వచ్చినా వదినతో మాటలుంటేనే.